రాత్రి పూట ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిలో కూర్చుని తినగలిగే మన వంటలు ఏవి?

చంపావతి ఒడ్డు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రి అయ్యేసరికి ఒక్కొక్కరిది ఒక్కొక్క తిండి అవుతోంది. మా అత్తగారికి ఈమధ్యనే జ్వరం తగ్గింది, పళ్ళు కూడా సరిగా లేవు కనుక మెత్తగా ఉన్నది తప్ప ఏదీ నమలలేరు. మామగారికి చక్కెర వ్యాధి ఉన్నందువల్ల ఆయన అన్నం మానేసి చపాతీలు తింటున్నారు. అబ్బాయి హాస్టలు నుంచి సెలవులకు వచ్చాడు, వాడు ఫోనులో తెప్పించుకున్న ఫ్రైడ్ రైస్ తన గదిలోనే తినేస్తున్నాడు. మా వారు దుకాణం కట్టి వచ్చేసరికి మిగిలినవాళ్ళ భోజనాలు అయిపోతున్నాయి. వంట పని పెరగడం నాకు పెద్ద బాధ కాదు. ఒకే ఇంట్లో ఉంటూ రోజులో ఒక్క పూటైనా కలిసి తినలేకపోతున్నామన్నదే నా బాధ.

మన ప్రాంతపు వంటల్లో, ముసలివారికి మెత్తగా, చక్కెర ఉన్నవారికి హాని చేయకుండా, కుర్రవాళ్ళకు రుచిగా ఉండేవి ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. పండుగ వంటలు కాకుండా మామూలు రోజుల్లో వండుకునేవి కావాలి. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా ఆడపడుచు కుటుంబం వస్తుంది కనుక, పిల్లల చేతిలో పెట్టడానికి ఒకటి రెండు తీపి పదార్థాలు చెబితే అవి కూడా ముందే చేసి ఉంచుకుంటాను.

నాగావళి (శ్రీకాకుళం):

అమ్మా, ముందుగా ముద్దపప్పు, బెల్లం పులుసుతో మొదలుపెట్టండి. మన వైపు ఈ రెండూ కలిసి ఉన్న రోజు వేరే కూర లేదని ఎవరూ అడగరు. కందిపప్పును పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేవరకు మాత్రమే వేయించి, కుక్కరులో బాగా మెత్తగా ఉడికించి, ఉప్పు, పసుపు వేసి పప్పుగుత్తితో ఎనపండి. అత్తగారికి అందులో నెయ్యి వేసి అన్నంతో మెదిపి పెడితే నమలవలసిన అవసరమే ఉండదు.

పులుసుకు గుమ్మడికాయ, ఆనపకాయ, బెండకాయ, ములక్కాడ, చిన్న ఉల్లిపాయలు, దొరికితే చిలగడదుంప పెద్ద ముక్కలుగా తరగండి. ముందు గట్టి ముక్కలు, తరువాత మెత్తవి వేసి ఉప్పు, పసుపుతో ఉడికించి, పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన పులుసు పోయండి. పులుసు పచ్చివాసన పోయేదాకా మరిగిన తరువాతే బెల్లం వేయాలి, ఎందుకంటే పులుపు ఎంతో తేలిన తరువాతే తీపి ఎంతో తెలుస్తుంది. పులుపు తగిలిన ముక్క ఆపైన మెత్తబడదు కనుక చింతపండుకు ముందే ముక్క ఉడకాలి. చివరికి రెండు చెంచాల బియ్యప్పిండిని చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు వేసి వెంటనే మూత పెట్టండి. మన పులుసుకు ఇంగువ విషయంలో పిసినారితనం పనికిరాదు.

మీ సమస్యకు అసలు మార్గం ఒకటి చెబుతాను. కారం వంటలో వేయకండి, పంక్తిలో వేయండి. పప్పు, పులుసు, కూర అన్నీ చప్పగా, మెత్తగా వండి, నువ్వుపొడి, వేయించిన మజ్జిగ మిరపకాయలు, వడియాలు, ఊరగాయ పక్కన పెట్టండి. అబ్బాయి కావలసినంత కారం కలుపుకుంటాడు, అత్తగారి నోరు మండదు. మా అమ్మ పెద్ద కుటుంబానికి వండిన పద్ధతి ఇదే, మా ఇంట్లో నేటికీ ఇదే నడుస్తోంది.

పోషణ (రాజాం):

నేను ఆహార సలహాదారుగా పని చేస్తున్నాను. నాగావళి గారు చెప్పిన పద్ధతి చాలా మంచిదే కానీ, మామగారి విషయంలో ఒక సవరణ అవసరం. బెల్లం పంచదార కంటే మేలని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉన్న చక్కెరే కనుక, రక్తంలో చక్కెర పెరగడానికి సంబంధించినంతవరకు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుచేత పులుసు మరిగి, బెల్లం వేయకముందే, మామగారికి ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టండి. గుమ్మడికాయ, ఉల్లిపాయల సహజమైన తీపితోనే అది రుచిగా ఉంటుంది. ఆయన చక్కెర మందులు వాడుతున్నట్లయితే భోజనం వేళను మార్చేముందు వైద్యుణ్ణి అడగండి, ఎందుకంటే అందరి కోసం ఆలస్యంగా తినడం వల్ల కొందరికి చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. వీలైతే మీ వారినే కొంచెం ముందు రమ్మనండి.

అన్నం పూర్తిగా మానేయవలసిన అవసరం కూడా చాలామందికి ఉండదు. పళ్ళెంలో సగం కూర, పావు భాగం పప్పు, మిగిలిన పావు భాగం అన్నం ఉండేటట్లు చూసుకుంటే ఆయన కూడా మీ అందరితోపాటు అదే భోజనం చేయవచ్చు.

గజపతినగరం రైతు:

చక్కెర ఉన్నవారి మాట వచ్చింది కనుక చోడి పిండి (రాగి పిండి) గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు లోటుగా కనిపిస్తోంది. మా తాతల కాలంలో పొద్దున్నే పొలానికి వెళ్ళే మనిషి చోడి అంబలి తాగకుండా కదిలేవాడు కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు అందరూ వీటి గురించి మాట్లాడారు గాని, విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం చాలా కాలంగా చోళ్ళ మీద పని చేస్తూనే ఉంది. అక్కడి నుంచి వచ్చిన చంపావతి, వేగావతి రకాలకు మన జిల్లా నదుల పేర్లే పెట్టారు.

అంబలి చేసే తీరు ఇది. రాత్రి అర గ్లాసు చోడి పిండిని గ్లాసు నీటిలో కలిపి మూత పెట్టి ఉంచితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. అర గ్లాసు బియ్యపు నూకలను నాలుగు గ్లాసుల నీటిలో బాగా మెత్తగా ఉడికించి, పులిసిన పిండిని కలియబెట్టి అందులో పోస్తూ, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ పచ్చివాసన పోయేవరకు ఉడికించాలి. చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ తాగాలి. జ్వరం తగ్గినవారికి ఇంతకంటే తేలికైన ఆహారం నాకు తెలియదు. పిల్లవాడికి పుల్లటి అంబలి నచ్చకపోతే, పులియబెట్టని పిండితో జావ కాచి పాలు, బెల్లం కలిపి ఇవ్వండి.

పోషణ (రాజాం):

చోళ్ళలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మనం రోజూ తినే ధాన్యాలలో ఏదీ దీని దరిదాపుల్లోకి రాదు. అత్తగారికీ, ఎదిగే పిల్లలకీ ఇది మంచి ఆహారం. అయితే మెత్తటి పిండితో పలుచగా కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను కూడా త్వరగానే పెంచుతుంది కనుక మామగారికి జావకు బదులు రొట్టె మేలు. చోడి పిండిలో మునగాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర, ఉప్పు వేసి, మరిగిన నీళ్ళు పోసి కలిపి, పెనం మీద మందంగా తట్టి, మూత పెట్టి రెండు వైపులా కాల్చండి. దానితో ఆనపకాయ కూరో, పప్పో తింటే కడుపు నిండుగా ఉంటుంది.

వీణల ఊరు (బొబ్బిలి):

ఆనపకాయ అన్నారు కనుక నువ్వుపొడి కూర గురించి కాస్త వివరంగా రాస్తాను. గోదావరి వైపు నుంచి వచ్చిన మా తోడికోడలు ఇది తిని, ఇంత తక్కువ సరుకుతో ఇంత రుచి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయింది. ఆనపకాయను లేతగా చూసి తెచ్చుకుని, చిన్న ముక్కలుగా తరిగి, పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు వేసి మూత పెట్టి దాని నీటిలోనే మగ్గనివ్వండి. వేరుగా నువ్వులను సన్నని సెగ మీద చిటపటలాడేవరకు మాత్రమే వేయించి, రెండు ఎండుమిర్చితో కలిపి బరకగా పొడి కొట్టండి. నువ్వులు రంగు మారి ఎర్రబడితే చేదు వస్తుంది, ఆ చేదును ఎంత బెల్లం వేసినా దాచలేము. కూర దించబోయే ముందు పొడి చల్లి ఒక్కసారి కలిపి దించేయాలి. బీరకాయ, పొట్లకాయ, చిక్కుడుకాయ, గోరుచిక్కుడు అన్నిటికీ ఇదే తీరు పనికివస్తుంది. నువ్వుపొడిని ఏ వారానికి ఆ వారం కొట్టుకోండి, నిలవ ఉంటే నూనె వాసన వస్తుంది.

మెత్తటి వంటలలో నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది ఆవ (నూరిన ఆవాల ముద్ద) పెట్టిన కంద బచ్చలి. వేసవిలో అయితే పనసపొట్టుకు ఆవ పెట్టమని చెప్పేదాన్ని, ఇప్పుడు లేత పనసకాయ దొరకదు కనుక కంద తీసుకోండి. ముక్కలను విడిగా ఉడికించి, నీరు వార్చి, తరిగిన బచ్చలి, అల్లం, పచ్చిమిర్చి, చింతపండు పులుసు కలిపి దగ్గరగా ఉడకనివ్వండి. కందలోని దురద చింతపండు వల్లనే లొంగుతుంది కాబట్టి పులుసు తగ్గించవద్దు. సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెట్టి, దించి, బాగా చల్లారిన తరువాతనే నూరిన ఆవ కలపాలి. ఆవాల ఘాటు నూరి నీళ్ళు తగిలినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. చాలామంది పొయ్యి మీద ఉండగానే ఆవ వేసి, రుచి రాలేదని అంటుంటారు.

మీ అబ్బాయికి ఈ కూర మొదటి పూట నచ్చకపోవచ్చు. మరునాడు వేడి అన్నంలో నూనె వేసి పెట్టి చూడండి. ఊరిన తరువాత దాని రుచే వేరు.

ఉద్దానం బిడ్డ (కవిటి):

పెద్దలందరూ చెబుతున్నది చదువుతున్నాను. మా ఇంటి పరిస్థితి కొంచెం వేరు కనుక, ఈ చర్చ చదివే మా ప్రాంతపువారి కోసం రాయక తప్పడం లేదు. మా నాన్నగారికి మూత్రపిండాల వ్యాధి ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇటువంటి ఇల్లు లేని వీధి అరుదు. పైన చెప్పిన వంటలలో కంద, బచ్చలి, చోళ్ళు, బెల్లం, చింతపండు, మునగాకు, మేము ప్రాణంగా చూసుకునే కొబ్బరి నీళ్ళు, ఇవన్నీ పొటాషియం ఎక్కువగా ఉన్నవే. ఆరోగ్యవంతులకు బలాన్నిచ్చే ఆ పదార్థాలే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. వైద్యులు ఒక్కొక్కరి రక్తపరీక్షను బట్టి ఒక్కొక్క విధంగా చెబుతారు కనుక మా నాన్నగారి పట్టికను ఇక్కడ రాయడం లేదు.

మేము నేర్చుకున్న పద్ధతి మాత్రం చెబుతాను. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి, తరువాత తాలింపు వేస్తాం. ఇలా చేస్తే పొటాషియం కొంత తగ్గుతుందని ఆసుపత్రిలో చెప్పారు. నౌపడ ఉప్పు మాకు పక్కనే పండుతుంది గాని, ఇంట్లో అందరి వంటలోనూ ఉప్పు తగ్గించి, కావలసినవారు పళ్ళెంలో వేసుకుంటున్నాం. నాగావళి గారు కారం గురించి చెప్పిన మాట ఉప్పుకు కూడా వర్తిస్తుంది. నాన్నగారు తనకు వేరే వంట వండుతున్నారని తెలిసిన రోజుల్లో సరిగ్గా తినేవారు కారు. అందరిదీ అదే కూర అని తెలిసిన తరువాత తృప్తిగా తింటున్నారు.

పోషణ (రాజాం):

ఈ మాట ఎంతో అవసరమైనది. దీనికి ఒక్క హెచ్చరిక కలుపుతున్నాను. సోడియం తక్కువ అని చెప్పి దుకాణాలలో అమ్మే ఉప్పులో సాధారణంగా సోడియంకు బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దానిని వాడకూడదు.

చంపావతి ఒడ్డు (విజయనగరం):

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ముద్దపప్పు, బెల్లం పులుసు నిన్న రాత్రి చేశాను. మామగారికి బెల్లం వేయకముందే తీసి ఉంచాను, ఆయన తన వంతు అన్నంతో మాతోపాటే కూర్చున్నారు. అబ్బాయి వడియాలు, మజ్జిగ మిరపకాయలు చూసి తానే వచ్చి పీట వేసుకున్నాడు. వాడు ఎదిగే పిల్లవాడు, మాంసాహారం లేకుండా రోజూ అంటే కుదరదని అంటున్నాడు. కోడికూర అయితే అత్తగారు తినలేరు. దీనికి ఏమైనా మార్గం ఉందా? తీపి పదార్థాల మాట కూడా మరచిపోవద్దు.

కళింగపట్నం తీరం:

నెత్తళ్ళు అనే చిన్న చేపలు తెచ్చుకోండి తల్లీ. తల, పొట్ట తీసి, కల్లుప్పు, పసుపుతో బాగా రుద్ది కడగండి. వెడల్పాటి మట్టి దాకలో నూనె వేసి, ఉల్లిపాయ ముద్ద, అల్లం వెల్లుల్లి, పసుపు వేయించి, పలుచటి చింతపండు పులుసు పోసి మరగనివ్వండి. పులుసు మరిగి నూనె తేలిన తరువాత చేపలు పరచి, గరిటె పెట్టకుండా దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. ఈ చేప కొద్ది నిమిషాలలోనే ఉడుకుతుంది, ఎక్కువసేపు ఉంచితే విరిగిపోతుంది. కారం సగమే వేసి, మీ అబ్బాయికి విడిగా కొన్ని నెత్తళ్ళను కారం, బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించి పెట్టండి.

చిన్న ముల్లు పెద్దవారి గొంతులో గుచ్చుకోవచ్చు కాబట్టి అత్తగారికి చేప పెట్టకుండా, వడగట్టిన పులుసు మాత్రమే అన్నంలో కలిపి పెట్టండి. చింతచిగురు వచ్చే కాలంలో ఇదే కూరను చింతపండు మానేసి చిగురుతో చేస్తే, ఇంట్లో ఇక వేరే వంట అడిగేవారుండరు.

నాగావళి (శ్రీకాకుళం):

తీపి పదార్థాలలో ముందు చిమ్మిలి చేయండి. వేయించిన నువ్వులను, వాటికి ముప్పావు వంతు బెల్లాన్ని రోటిలో నూనె ఊరేవరకు దంచి ఉండలు కట్టాలి, పొయ్యి మీద పాకం పట్టే పనే ఉండదు. పిల్లలకు ఇది చాలా బలం. మీ జిల్లాలోని భీమాలి తాండ్ర కూడా కొంచెం తెచ్చి ఉంచితే పిల్లలు చిరుతిండి కోసం బజారు ముఖం చూడరు.

రెండవది పాకుండలు. కిలో బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, ఉదయం వార్చి, తడి పొడిగా ఉండగానే పిండి పట్టించి జల్లించండి. ముప్పావు కిలో బెల్లం చాలు. అనకాపల్లి బెల్లం దొరికితే మంచిది. బెల్లం కరిగించి వడగట్టి, నీటిలో వేస్తే మెత్తటి ఉండ అయ్యే పాకం రాగానే దించి, పచ్చికొబ్బరి ముక్కలు, ఏలకుల పొడి, నెయ్యి, ఆపైన పిండి కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. నిమ్మకాయంత ఉండలు చేసి మధ్యస్థమైన సెగ మీద వేయించండి.

ఉద్దానం బిడ్డ (కవిటి):

పాకుండలకు కొబ్బరి మా తోటల నుంచి వస్తే బాగుంటుందని మాకు ఆశ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చెట్లు చాలావరకు నేలకూలాయి. తరువాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. ముదురు కాయను ఎంచుకుని ముక్కలను నేతిలో కొద్దిగా వేయించి కలపండి, పాకుండలు నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తాయి.

చంపావతి ఒడ్డు (విజయనగరం):

పాకుండలు రెండు మూడు నూనెలో వేయగానే విచ్చిపోయాయి. పిండి ఇంకా చాలా మిగిలి ఉంది. దీనిని సరిచేయవచ్చా? అత్తగారు కూడా తినేటట్లు మెత్తగా రావాలని నా కోరిక.

నాగావళి (శ్రీకాకుళం):

తప్పకుండా సరిచేయవచ్చు. పాకం లేతగా దించినా, పిండిలో తడి ఎక్కువైనా విచ్చిపోతాయి. మిగిలిన ముద్దలో పొడి బియ్యప్పిండి రెండు గుప్పిళ్ళు చల్లి, బాగా మర్దించి, తడిగుడ్డ కప్పి ఒక గంట ఉంచండి. నూనె సరిగా కాగిన తరువాత ఒక్క ఉండ మాత్రమే వేసి చూడండి. అది నిలిస్తే మిగిలినవి వేయండి, మళ్ళీ విచ్చితే ఇంకొక గుప్పెడు పిండి కలపండి. ఒకవేళ మరోసారి చేసినప్పుడు పాకం ముదిరి ముద్ద గట్టిపడితే, వేడి పాలు కొద్దిగా చిలకరించి మెదపాలి. అత్తగారి కోసం నాలుగు ఉండలను చిన్నవిగా చేసి, లేత రంగులోనే తీసేయండి. వాటిని ఆ రోజో మరునాడో పెట్టాలి, ఎక్కువ వేగనివి నిలవ ఉండవు.